మేపిందెవరు? మెడల్ ఎవరికి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సారు కబురు పెట్టినప్పుడు 'విద్య విలువ', 'క్రమశిక్షణ' లాంటి అంశం మీద రాద్దామనుకున్నాము. అవి ప్రతి సంచికలోనూ ఉంటాయి, ఉండాలి కూడా. కానీ ఈసారి మేము కుక్కల గురించి, ఆవుల గురించి రాస్తున్నాము. నవ్వకండి. చివరిదాకా చదివితే ఇందులో మన సంగతి కూడా ఉందని మీకే తెలుస్తుంది.

మేము పుట్టింది పుంగనూరు పక్క పల్లెలో. పదో తరగతి దాకా మదనపల్లె హాస్టల్లో ఉన్నాము. ఇంటరు, డిగ్రీ కూడా మదనపల్లెలోనే. ఇప్పుడు కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలో పీజీ చదువుతున్నాము. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేత్తో పట్టుకున్నది మేమే మొదలు. మా తాత ఒక పెద్దరైతు ఇంట్లో పశువుల జీతం ఉన్నాడు. మా నాయన కూలికి పోతూ, పరాయివాళ్ల దూడలను పాలికి తెచ్చి మేపాడు. అందుకే పశువుల గురించి మాట్లాడే హక్కు మాకు కొంచెం ఉందనుకుంటున్నాము.

మొన్న సెలవుల్లో రూములో నలుగురం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని 'బెస్ట్ ఇన్ షో' అనే ఇంగ్లీషు సినిమా చూశాము. 2000లో వచ్చిన అమెరికా సినిమా అది. తీసినాయన క్రిస్టఫర్ గెస్ట్. ఆయన, యూజీన్ లెవీ కలిసి కథ రాసుకున్నారు గాని, మాటలు చాలావరకు నటులే అప్పటికప్పుడు అల్లి చెప్పారు. మనుషులు కెమెరా ముందు కూర్చుని తమ గోడు తాము వెళ్లబోసుకుంటుంటే ఎవరో పక్కనుంచి తీసినట్టు ఉంటుంది. చూస్తే నిజం డాక్యుమెంటరీ అనిపిస్తుంది. అంతా కల్పితమే. ఇలాంటివాటిని 'మాక్యుమెంటరీ' అంటారు. మన పగటివేషగాళ్లు అధికారి వేషం కట్టి, మొహంలో నవ్వు రానివ్వకుండా ఊళ్లో దర్జా వెలగబెడతారు కదా, అదే పద్ధతి.

కథ చాలా చిన్నది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో పెద్ద కుక్కల పోటీ జరుగుతుంది. నలుమూలల నుంచి యజమానులు కుక్కలను తీసుకుని వస్తారు. ఒక జంట తమ కుక్క ఆడుకునే తేనెటీగ బొమ్మ పోయిందని హోటలంతా తలకిందులు చేస్తారు. అంగడికి పరుగెత్తి అక్కడివాళ్ల మీద అరుస్తారు. పోటీ గురించి వ్యాఖ్యానం చెప్పే పెద్దమనిషికి కుక్కల గురించి ఒక్క ముక్క తెలియదు, కానీ మాట ఆపడు. ఇంకో జంట ఉంది. వాళ్ల దగ్గర డబ్బు లేదు. హోటల్లో క్రెడిట్ కార్డు పనిచేయక, చీపుర్లు, బకెట్లు పెట్టుకునే గదిలో పడుకుంటారు. తీరా పోటీ సమయానికి భార్య మోకాలికి దెబ్బ తగులుతుంది. అప్పుడు భర్తే కుక్కను పట్టుకుని బరిలోకి దిగుతాడు. చివరికి గెలిచేది వాళ్ల చిన్న కుక్కే.

చీపుర్ల గదిలో పడుకున్నవాళ్లు గెలిచినప్పుడు మా రూములో ఈలలు పడ్డాయి. ఎందుకు పడ్డాయో మీకు వేరే చెప్పనక్కర లేదు. హాస్టల్లో చేరిన కొత్తలో చోటు చాలక స్టోరు రూములో బియ్యం బస్తాల పక్కన పడుకున్నవాళ్లం మేము!

ఈ సినిమాలో మాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. సినిమా మొత్తంలో కుక్కను ఎక్కడా ఎగతాళి చేయలేదు. నవ్వంతా మనుషుల మీదనే. గెలిచానని కుక్కకు తెలియదు, ఓడానని కూడా తెలియదు. దువ్వితే నిలబడుతుంది, పిలిస్తే వస్తుంది. పోటీ, పరువు, ఏడుపు అన్నీ తాడు పట్టుకున్నవాళ్లవే.

నిజం పోటీల సంగతి కూడా కొంచెం చెప్పుకుందాం. అమెరికాలో వెస్ట్‌మినిస్టర్ పోటీ 1877 నుంచి జరుగుతోంది. ఇంగ్లండులో క్రఫ్ట్స్ పోటీ 1891లో మొదలైంది. మన దేశంలో ఈ వ్యవహారం చూసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా చెన్నైలో ఉంది. కుప్పంలో రైలెక్కితే ఇటు బెంగుళూరు, అటు చెన్నై. రెండు నగరాల్లోనూ ఈ పోటీలు జరుగుతాయి. వీటిలో ఒక పద్ధతి ఉంది. కుక్కను పక్కనున్న కుక్కతో నేరుగా పోల్చరు. ఆ జాతి కుక్క ఎంత ఎత్తు ఉండాలి, చెవి ఎలా ఉండాలి, తోక ఎలా వంగాలి అని ముందే కాగితం మీద రాసి ఉంటుంది. ఆ రాతకు ఏది దగ్గరగా ఉంటే అది గెలుస్తుంది. ముందు జాతిలో మేటి, తరువాత వర్గంలో మేటి, చివరికి అన్నిటిలోకి మేటి. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తాత ఎవరు అన్న వంశవృక్షం కాగితం లేనిదే అసలు బరిలోకే రానివ్వరు.

మన పశువుల సంతలో కూడా పరీక్షలు ఉన్నాయి. నోరు తెరిచి పళ్లు చూస్తారు. సుళ్లు చూస్తారు. నాలుగడుగులు నడిపించి కాలు ఎలా వేస్తుందో చూస్తారు. బేరం తువ్వాల కింద వేళ్లు పట్టుకుని చేస్తారు. కానీ అక్కడ అడిగే ప్రశ్న వేరు. ఈ ఎద్దు రేపు మడక దున్నుతుందా, బండి లాగుతుందా అని అడుగుతారు. కుక్కల పోటీలో అడిగేది, ఇది కాగితానికి సరిపోయిందా అని. ఈ తేడా గుర్తు పెట్టుకోండి.

ఇక మా ఇంటి సంగతి ఒకటి చెబుతాము.

మేము ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా పక్క ఊళ్లో లేగదూడల ప్రదర్శన పెట్టారు. పశువుల డాక్టర్లు వచ్చి దూడలకు మందు పోసి, బాగా పెరిగిన దూడలకు బహుమతులు ఇస్తారు. అప్పటికి మా నాయన ఊళ్లో ఒక రైతు జెర్సీ దూడను సగం పాలికి తెచ్చి మేపుతున్నాడు. అంటే మేత, చాకిరి మావి, దూడ వాళ్లది. అమ్మినప్పుడు వచ్చే దాంట్లో సగం మాకు. ఆ దూడ మా ఇంట్లో మాకంటే బాగా తినింది. చలికాలం దాని మీద గోనె కప్పి, మా నాయన కంబళి లేకుండా పడుకున్నాడు.

ప్రదర్శనలో ఆ దూడకు మొదటి బహుమతి వచ్చింది. పేరు పిలిచారు. పిలిచింది యజమాని పేరు. ఆయన తెల్లచొక్కా వేసుకుని ముందుకు వచ్చి పలుపు పట్టుకున్నాడు. దూడ కదల్లేదు. ఎంత లాగినా నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టి, మా నాయన వైపు తిరిగి అరుస్తా ఉంది. జనం నవ్వినారు. ఆఖరికి మా నాయన వంగి, ఫోటోలో పడకుండా దూడ వెనక కూర్చుని దాన్ని ముందుకు తోసినాడు. అప్పుడు ఫోటో తీశారు. ఆ ఫోటో మేము తరువాత చూశాము. తెల్లచొక్కా ఉంది, దూడ ఉంది, డాక్టరు సారు ఉన్నారు, స్టీలు బకెట్టు ఉంది. దూడ తొడ మీద ఒక చెయ్యి మాత్రం ఉంది. అది మా నాయన చెయ్యి.

న్యాయంగా చెప్పాలంటే ఆ రైతు చెడ్డవాడు కాడు. బకెట్టు ఉంచుకున్నా, బహుమతిగా వచ్చిన దాణా మూట మాకే ఇచ్చాడు. మా నాయనకు కూడా కోపం రాలేదు. "దూడ గెలిచింది గదప్పా, ఇంకేం గావాల" అన్నాడు. ఆరోజు మేమూ దాణా మూట నెత్తిన పెట్టుకుని సంతోషంగానే ఇంటికి పోయాము. ఇన్నేళ్లకు ఇంగ్లీషు సినిమా చూసి నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఆ చెయ్యి గుర్తొచ్చింది. నవ్వు ఆగిపోయింది.

ఇప్పుడు పుంగనూరు ఆవు దగ్గరకు వద్దాము. మన ఊరి పేరు దేశానికి చెప్పిన ఆవు అది. ఎత్తు సుమారు మూడడుగులు. తక్కువ మేతతో బతుకుతుంది. కరువును తట్టుకుంటుంది. పాలు రోజుకు మూడు నుంచి అయిదు లీటర్లు ఇస్తుందని, వాటిలో వెన్న శాతం 8 దాకా ఉంటుందని చెబుతారు. మామూలు ఆవుపాలలో అది మూడు, నాలుగు శాతమే. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ గుర్తించిన జాతుల్లో ఇదీ ఒకటి. వానలు సరిగా పడని మెట్టభూముల్లో చిన్నరైతుకు పాలిచ్చి, తేలిక నేలల్లో మడక దున్నిన జాతి ఇది. ఎక్కువ పాల కోసం జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలు వచ్చాక, మడకకు బదులు ట్రాక్టర్లు వచ్చాక, మేత బీళ్లు తగ్గిపోయాక ఇది కనుమరుగయ్యే దశకు చేరింది. పలమనేరు పశు పరిశోధనా కేంద్రంలో దీన్ని కాపాడుతూ వచ్చారు. 2020లో ప్రభుత్వం 'మిషన్ పుంగనూరు' అని పథకం కూడా పెట్టింది.

2024 జనవరిలో సంక్రాంతి సందర్భంగా ప్రధానమంత్రి తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత తినిపించిన ఫోటోలు దేశమంతా చూసింది. అంతకుముందే మొదలైన మోజు ఆ తరువాత ఇంకా పెరిగింది. నగరాల్లో పెద్ద ఇండ్లవాళ్లు హాల్లో సోఫా పక్కన ఈ ఆవును నిలబెట్టి, మెడలో గజ్జెలు కట్టి వీడియోలు తీస్తున్నారు. ధర లక్షల్లో పలుకుతోంది. ఎంత పొట్టిగా ఉంటే అంత ధర. రెండడుగులు, రెండున్నర అడుగులు అని టేపు పెట్టి కొలుస్తున్నారు. మా రూమ్మేటు ఒకడు ఒక వీడియో చూసి, "ఒరే, ఇది మనం చూసిన సినిమానే గదరా, కుక్క బదులు ఆవు ఉండాది" అన్నాడు. వాడి మాటలో అబద్ధం లేదు.

దీనికి ఎదురు మాట కూడా ఉంది. ధర వస్తేనే కదా రైతు ఆ జాతిని పెంచేది? మోజు లేకపోతే ఈ పాటికి ఆ ఆవు బొమ్మల్లో మాత్రమే మిగిలేదేమో? ఈ మాటను మేము కొట్టిపారేయము. ఊరికే ప్రేమతో ఏ పేదవాడూ పశువును మేపలేడు. ధర రావడం మంచిదే. కానీ ధర దేనికి వస్తుందో చూడాలి. పాలకు, ఓర్పుకు, తేలికగా ఈనడానికి ధర వస్తే జాతి బలపడుతుంది. ఒక్క పొట్టితనానికే వస్తే, పొట్టివాటిని పొట్టివాటితో కలుపుతూ పోతారు. మిగతా గుణాలు ఎటుపోయినా అడిగేవాళ్లు ఉండరు.

ఇది మా ఊహ అనుకోకండి. కుక్కల లోకంలో ఇదే జరిగింది. బుల్‌డాగ్ తల పెద్దదిగా, నడుము సన్నంగా ఉండాలని తరతరాలుగా ఎంపిక చేసి, చివరికి ఎక్కువ బుల్‌డాగ్‌లు ఆపరేషన్ లేకుండా ఈనలేని స్థితికి తెచ్చారు. పగ్ కుక్క మొహం చప్పిడిగా ఉంటే ముద్దుగా ఉంటుందన్నారు. ఇప్పుడు వాటిలో చాలావాటికి ఊపిరాడదు. గెస్ట్ సినిమా వచ్చిన ఎనిమిదేళ్లకు, 2008లో, ఇంగ్లండులో బీబీసీ నిజం డాక్యుమెంటరీయే ఒకటి ప్రసారం చేసింది. జాతి కుక్కల రోగాలను అందులో చూపించారు. పెద్ద దుమారం రేగింది. 2009 నుంచి బీబీసీ క్రఫ్ట్స్ పోటీల ప్రసారం మానేసింది. అక్కడి కెన్నెల్ క్లబ్ కూడా జాతి లక్షణాల రాతలను తిరగరాయవలసి వచ్చింది. మన పుంగనూరు ఆవుకు ఆ గతి పట్టకూడదంటే ఆ అనుభవం ఇప్పుడే నేర్చుకోవాలి.

మరి జాతిని కాపాడే దారి ఏది? పక్కనే కేరళలో ఉంది. కొట్టాయం జిల్లా వెచ్చూరు ఆవు కూడా మన పుంగనూరులాగా పొట్టిది. అది అంతరించిపోయింది అనుకున్న రోజుల్లో, 1989లో, మన్నుత్తి వెటర్నరీ కాలేజీలో పాఠాలు చెప్పే సోసమ్మ ఐప్ అనే ఆమె తన విద్యార్థులను వెంటబెట్టుకుని ఊరూరా వెతికింది. పల్లెల్లో రైతుల దగ్గర అక్కడొకటి, ఇక్కడొకటి దొరికిన ఆవులను తెచ్చి మందను పెంచారు. ఆమెకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ ఆవులు దొరికింది ఏ ప్రదర్శనలోనో కాదు, మామూలు కొట్టాల్లో. వాటిని అప్పటిదాకా మిగిల్చింది ఫోటోల్లో లేని చేతులే. వెతికింది మనలాంటి విద్యార్థులే.

తమ్ముళ్లూ, ఇంతకూ ఈ హాస్టల్ సంచికలో ఇదంతా ఎందుకు?

'జాతి' అన్న మాట ఉంది చూశారా, అది మనకు కొత్త కాదు. పశువును పొగడాలంటే 'మంచి జాతి' అంటారు. మనిషిని తక్కువ చేయాలన్నా అదే మాట వాడతారు. 'వీడి జాతే అంత' అన్న మాట పడనివాళ్లు మన హాస్టల్లో ఎంతమంది ఉన్నారు? పుట్టుకను చూసి విలువ కట్టడమనే కుక్కల పోటీ పద్ధతి మన దేశంలో మనుషుల మీద ఎప్పటినుంచో నడుస్తోంది. అక్కడ కుక్కకు కనీసం ప్రతి ఏడాదీ కొత్త పోటీ ఉంటుంది. మన తాతలకు అదీ లేదు. పశువులు తాగే చెరువులో వాళ్లు నీళ్లు ముట్టకూడదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు తాగి చూపించింది అందుకే.

ఆయన 1936లో అచ్చువేసిన 'కుల నిర్మూలన' ప్రసంగంలో ఈ జాతి శుద్ధి వాదాన్ని ప్రత్యేకంగా తీసుకుని ఖండించారు. కులాలు రక్తశుద్ధి కోసం ఏర్పడ్డాయి అనేవాళ్లకు, పంజాబ్ బ్రాహ్మణుడు, పంజాబ్ చమారు ఒకే మూలానికి చెందినవాళ్లని, కులం అనేది ఒకే మూలం వాళ్ల మధ్య గీసిన గీత అని బదులిచ్చారు. పీజీలో ఆ పుస్తకం చదివినప్పుడు ఇది మనకు ఎప్పుడో తెలియవలసిన విషయం కదా అనిపించింది. మీరు మాలాగా పీజీ దాకా ఆగవద్దు. మన హాస్టల్ గ్రంథాలయం బీరువాలో వెతకండి, లేకపోతే తెప్పించమని సారును అడగండి.

ఒక్క మాట జాగ్రత్తగా గమనించాలి. మన చేతిలో కూడా కాగితాలు ఉన్నాయి. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం లేనిదే మనకు హాస్టల్ సీటు రాదు. 'మీకూ వంశవృక్షం కాగితమే కదా' అని కాలేజీలో ఒకడు మాతో ఎకసెక్కమాడాడు. అప్పుడు మాకు జవాబు తోచలేదు. ఇప్పుడు చెబుతున్నాము. కుక్క మెడలో కాగితం అది గొప్ప ఇంట పుట్టిందని చెబుతుంది. మన కాగితం మన పెద్దలకు ఇన్నాళ్లూ ఏం దక్కలేదో చెబుతుంది. ఆ కాగితంతో లోపలికి వచ్చాక పరీక్ష రాసేది, పాసయ్యేది మనమే. కాబట్టి దాన్ని చూపించేటప్పుడు తల వంచుకోవద్దు.

ఇన్ని మాటలు చెప్పి ఊరుకుంటే లాభం లేదు. చేయదగిన పనులు రెండు చెబుతాము.

ఒకటి. ఈ సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుపోండి. మీ తాతను, అవ్వను, నాయనను, అమ్మను కూర్చోబెట్టి అడగండి. ఏ గడ్డి ఏ నెలలో మొలుస్తుంది? కడుపు ఉబ్బితే ఏ ఆకు పెట్టేవాళ్లు? ఏ సుడి మంచిది అనేవాళ్లు, ఎందుకు అనేవాళ్లు? మేపిన ఆవుల పేర్లేమిటి? చెప్పింది చెప్పినట్టు రాయండి. అందులో కొన్ని మూఢనమ్మకాలు కూడా ఉండవచ్చు. అవి కూడా రాసి, తరువాత సైన్సు సారును అడిగి తేల్చుకోండి. పుంగనూరు ఆవు గురించి కాగితాల్లో ఎత్తు, బరువు, పాలు ఉన్నాయి. దాన్ని బతికించినవాళ్లకు తెలిసిన విద్య ఎక్కడ ఉందో వెతకవలసింది మనమే. వచ్చే ఏడాది సంచికలో అవి అచ్చువేద్దాము.

రెండు. ఈ వార్షికోత్సవం రోజున బహుమతులు ఇస్తారు. ముఖ్య అతిథి వస్తారు, ఫోటోలు తీస్తారు. మొదటి మార్కులు వచ్చినవాడు మెడల్ వేసుకుని మధ్యలో నిలబడతాడు. నిలబడనివ్వండి, కష్టపడ్డాడు కాబట్టి. కానీ తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి మనకు ఉప్మా వండే వంటమనిషిని, గదులు ఊడ్చే కామాటిని, రాత్రంతా గేటు కాడ కూర్చునే వాచ్‌మన్ మామను కూడా పిలిచి ఆ ఫోటోలో నిలబెట్టండి. ఫోటో కింద వాళ్ల పేర్లు రాయండి. కూలి పని ఎగ్గొట్టి బస్సెక్కి వచ్చి, వెనక వరసలో చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడే మీ అమ్మానాయనలను ముందుకు పిలవండి. వాళ్లు "మాకెందుకులే నాయనా" అంటారు. అయినా చెయ్యి పట్టుకుని తీసుకురండి.

మా డిగ్రీ పట్టా ఇచ్చిన రోజు మా నాయన కాలేజీ గేటు బయట చెట్టు కింద కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. పట్టా తీసుకుని బయటికి వచ్చి, ఆయన చేతిలో పెట్టి, స్నేహితుడి ఫోనుతో ఫోటో తీయించాము. ఆ ఫోటోలో మా నాయన మొహం పూర్తిగా పడింది. ఆ పాత దూడ ఫోటో పక్కన దాన్ని గోడకు అంటించాము.

మీ ఫోటోల్లో కూడా ఎవరి చెయ్యీ మొహం లేకుండా మిగిలిపోకూడదని కోరుకుంటూ,

మీ పూర్వ విద్యార్థి